తప్పు దొరకని వాక్యం

నారాయణపేట,
18 జూలై 1991.

గౌరవనీయులైన ఎల్లస్వామి సార్‌కు జాహేదా నమస్కారాలు.

తెలుగులో రాస్తున్నందుకు కోపం తెచ్చుకోకండి. కాలేజీ వదిలి ఇన్నేళ్ళయినా నేను ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే మీరు ఎర్ర సిరాతో దిద్ది, జవాబుతో పాటు వెనక్కి పంపుతారు. ఈసారి అడగవలసిన విషయం వేరే ఉంది. నా వాక్యాల మీదికి మీ చూపు పోకుండా ఉంటే మంచిదనిపించింది.

మా బడిలో పదో తరగతి దాకా నా దగ్గర చదివిన పిల్ల ఒకతి ఉంది, గుర్వమ్మ. వాళ్ళ నాయిన యాదయ్య మగ్గం నేస్తాడు. మొన్న ఇంటర్ అయిపోయి, టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్ష రాసింది. ఒక్క మార్కుతో సీటు పోయింది. విద్యాశాఖ ఆఫీసు గోడకు అంటించిన జవాబుల కీ చూసుకుని నా దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషులో 'తప్పు ఉంటే దిద్దండి, లేకుంటే లేదని రాయండి' అన్న ప్రశ్నలు ఉన్నాయి. 'ఐ విల్ గో టుమారో' ఒకటి. 'దిస్ ఈజ్ ద హౌస్ ఐ లివ్ ఇన్' ఇంకొకటి. రెండింటికీ ఆమె తప్పు లేదని రాసింది. కీ ప్రకారం మొదటి దాంట్లో 'షల్' ఉండాలి, రెండో దాంట్లో 'ఇన్ విచ్ ఐ లివ్' అని ఉండాలి.

సార్, ఈ రెండు రకాలూ వాడవచ్చునని తొమ్మిదో తరగతిలో ఆ పిల్లకు చెప్పింది నేనే.

నిన్న వాళ్ళమ్మ బిక్షమ్మ బడికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "మేడమ్, నాకు సదువు రాదు. మా పిల్ల రాసింది తప్పా, ఒప్పా? గంతే చెప్పుండ్రి. తప్పైతే రేపటి సంది మగ్గం కాడ కూసుంటది. ఒప్పైతే మరి సీటెందుకు రాలే?" అని అడిగింది. ఒప్పే అన్న మాట నోటిదాకా వచ్చింది. మీ క్లాసు గుర్తొచ్చి ఆగిపోయాను. మీతో మాట్లాడి చెప్తానన్నాను.

ఆ రెండు వాక్యాలు సరైనవేనని మీ చేతిరాతతో నాలుగు ముక్కలు రాసి పంపండి. మీ పేరంటే మహబూబ్‌నగర్ ఆఫీసులో కూడా గౌరవం ఉంది. జర తొందరగా రాయండి సార్, ఆగస్టులో క్లాసులు మొదలవుతాయట.

మీ విద్యార్థిని,
జాహేదా

నల్గొండ,
27 జూలై 1991.

చిరంజీవి జాహేదాకు ఆశీస్సులు.

ఉత్తరం చేరింది. తొందర పడకు.

వ్యాకరణం ప్రకారం 'ఐ', 'వీ' తర్వాత మామూలు భవిష్యత్తుకు 'షల్' వాడాలి. 'విల్' అంటే పట్టుదల చెప్పినట్టు. 'ఇన్', 'టు', 'ఆఫ్' లాంటివి వాక్యం చివర వేలాడకూడదు. ఇవి నేను నీకు చెప్పినవే, నువ్వు అప్పచెప్పినవే. మాట్లాడేటప్పుడు ఎవరెట్లా మాట్లాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. పరీక్ష వేరు. పల్లె నుంచి వచ్చే పిల్లకు 'రెండూ వాడవచ్చు' అని చెప్పడం దయ అనుకున్నావు. దయ కాదు, ఆ పిల్లకు చేసిన నష్టం.

వచ్చే ఏడు మళ్ళీ రాయమను. ఈలోగా నా గైడు కాపీ పంపుతాను, చదివించు. ఆఫీసుల చుట్టూ తిరిగే పని పెట్టుకోకు. నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి.

మీ ఆయన తాజుద్దీన్‌ను అడిగానని చెప్పు. చీరల దుకాణం బాగా నడుస్తున్నదా?

ఎల్లస్వామి

నారాయణపేట,
11 ఆగస్టు 1991.

గౌరవనీయులైన సార్‌కు,

మీ జవాబు మూడు సార్లు చదివాను. మీరు రాసినందుకైనా నమ్ముదామని చూశాను, నావల్ల కాలేదు.

పోయిన శనివారం సెలవు పెట్టి మహబూబ్‌నగర్ వెళ్ళి, నేను బీఎడ్ చదివిన కాలేజీ లైబ్రరీలో కూర్చున్నాను. ఇంగ్లీషు భాషా చరిత్ర మీద ఉన్న లావుపాటి పుస్తకాలు తీయించాను. దుమ్ము దులిపి ఇచ్చారు, ఎవరూ ముట్టినట్టు లేదు. మన 'షల్' రూల్ మూడు వందల ఏళ్ళ కిందట ఒక లెక్కల పండితుడు తన వ్యాకరణంలో రాసి పెట్టింది. ఇంగ్లీషుకు వ్యాకరణం రాశాడు గాని, రాసింది లాటిన్‌లో. అప్పటిదాకా జనం తమకు తోచినట్టు రెండూ అంటూనే ఉన్నారు. అదే కాలంలో ఒక గొప్ప కవికి వాక్యం చివర 'ఇన్', 'టు' రావడం మోటుగా కనబడింది. లాటిన్‌లో అట్లా రావు కదా. దాంతో తను అంతకుముందు రాసిన వాటిని కూడా తనే దిద్దుకున్నాడట. అంతకన్న ముందున్న మహా రచయితలు అట్లాంటి వాక్యాలు ఎన్ని రాశారో లెక్కలేదు. తర్వాత ఒక బిషప్పు, ఆయన వెనక వందల మంది బడిపంతుళ్ళు, ఒకరి పుస్తకం చూసి ఒకరు ఆ రూల్స్ ఎక్కించారు. వాళ్ళు వీధిలో జనం మాట్లాడుకునేది కిటికీలోంచి విన్నా చాలు, తాము రాసింది నిజం కాదని తెలిసేది.

ఇప్పుడు ఆ దేశంలోనే ఆ 'షల్'ను పట్టించుకునేవాళ్ళు తక్కువ. రేడియోలో వార్తలు చదివేవాళ్ళు 'ఐ విల్' అంటున్నారు. మరి ఈ రూల్ ఎవరి మీద నడుస్తున్నది సార్? నారాయణపేట పిల్ల మీద.

గుర్వమ్మ మగ్గం దగ్గర కూర్చుంటున్నది. మధ్యాహ్నం అటు పోతే నన్ను చూసి తల వంచుకుంది. "నేనే సరిగ చదువలే మేడమ్" అంది. తప్పు తనదని ఆ పిల్ల నమ్మేసింది. 

ఆ పేపర్ సెట్ చేసింది ఎవరో గాని, తెలుగు మీడియం పిల్లల ముఖం ఎన్నడూ చూసి ఉండడు. ఎవరో మీకు తెలిస్తే రాయండి. వాళ్ళతోనే మాట్లాడతాను.

జాహేదా

నల్గొండ,
20 ఆగస్టు 1991.

శ్రీమతి జాహేదా బేగం గారికి,

ఆ పేపర్ సెట్ చేసింది నేను. కీ తయారు చేసింది కూడా నేనే.

ఈ సంగతి బయటికి చెప్పకూడదని నియమం. పోయిన ఉత్తరంలో చెప్పకపోవడానికి అది ఒక కారణం. రెండో కారణం ఏమిటో నాకే సరిగా తెలియదు. ఇప్పుడు చెప్పేశాను. నా పేరుతో ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

తెలుగు మీడియం పిల్లల ముఖం చూడలేదన్నావు. మా నాయిన జానయ్య కట్టంగూర్‌లో దొర దగ్గర జీతం ఉన్నాడు. హాస్టల్ అన్నం తిని నేను హైదరాబాద్ కాలేజీకి పోయాను. అక్కడ తెలుగు క్లాసులో లేచి ఏదో అడగబోయి "గట్లనా సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది, సార్ కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆ ఏడాదంతా నేను తెలుగు క్లాసులో నోరు తెరవలేదు. ఇంగ్లీషు క్లాసులో మాత్రం ఒకనాడు వాక్యం దిద్దమంటే దిద్దాను. లెక్చరర్ నా వైపు చూసి "కరెక్ట్" అన్నాడు. నేను పుట్టి అన్నేళ్ళయినా నా గురించి ఆ మాట ఎవరూ అనలేదు.

నువ్వు చదివిన పుస్తకాల్లో ఇంకొక సంగతి కూడా ఉంటుంది, వెతికి చూడు. ఆ బిషప్పు వ్యాకరణం ఎవరు కొన్నారు? దర్జీల కొడుకులు, దుకాణదారుల బిడ్డలు. పెద్దింట్లో పుట్టినవాడికి రూల్ అక్కరలేదు. వాడు ఏం మాట్లాడినా అదే మంచి ఇంగ్లీషు. పుస్తకంలో ఉన్న రూల్‌ను ఎవడైనా నేర్చుకోవచ్చు. పుట్టుకను నేర్చుకోలేము.

ఆ రూల్స్ గాలిలో పెట్టినవైతే గాలికే పోయేవి. పోలేదు. ఒకప్పుడు ఇంగ్లీషులో ఒకే వాక్యంలో రెండు 'కాదు'లు పెట్టి గట్టిగా కాదనడం అందరికీ మామూలు. రెండు కాదులు కలిస్తే ఔను అవుతుందని వ్యాకరణం రాసేవాళ్ళు తేల్చారు. అప్పటికే తగ్గుతున్న ఆ అలవాటు, చదువుకున్నవాళ్ళ రాతలో ఇంక మళ్ళీ తల ఎత్తలేదు. ఇప్పుడు అట్లా మాట్లాడేవాణ్ణి చదువు లేనివాడంటారు. చూశావా, రూల్ భాషను పట్టి ఉంచింది. మనం బతుకుతున్నది రూల్ వచ్చిన తర్వాతి ఇంగ్లీషులో. ముందటి ఇంగ్లీషులో ఎవరికీ ఉద్యోగాలు ఇవ్వరు.

ఆ పిల్లకు నేను అన్యాయం చేయలేదు. నాకు పనికొచ్చిందే అడిగాను.

ఎల్లస్వామి

నారాయణపేట,
2 సెప్టెంబర్ 1991.

సార్‌కు,

మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి రాయాలని కూర్చుంటున్నాను, చెయ్యి సాగడం లేదు. నేనన్న మాట వెనక్కి తీసుకోలేను. మీరని తెలిసి ఉంటే అనేదాన్ని కాదు. అట్లాగని మీరు కాబట్టి అది న్యాయమైపోదు కదా.

నేనూ మీ దగ్గర ఒకటి దాచాను. నా మొదటి ఉత్తరానికి మీ జవాబు రాకముందే యాదయ్య పేరున అర్జీ రాసి ఆఫీసుకు పంపాను. అందులో 'ఈ పిల్లకు ఇంగ్లీషు చెప్పిన టీచరును నేను, ఈ వాక్యాల్లో తప్పు లేదు' అని రాసి నా సంతకం పెట్టాను. మీ జవాబు కూడా నా వైపే వస్తుందని ధైర్యం. రాలేదు. అయినా అర్జీ వెనక్కి తీసుకోలేదు.

నాకు మెమో వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగి అయి ఉండి శాఖ పరీక్ష మీద జనాన్ని రెచ్చగొట్టినందుకు నా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమన్నారు. తాజుద్దీన్ పెద్దగా ఏమీ అనలేదు. మా అత్త లాడ్లీ బేగం మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని, పరాయి పిల్ల కోసం ఎవరైనా నౌకరీ పోగొట్టుకుంటారా అని రోజూ అడుగుతున్నది.

మీరు రాసింది ఆలోచించాను. ఆ రూల్ వల్ల మీకు 'నేనూ మనిషినే' అనిపించింది. దాన్ని నేను చిన్నచూపు చూడలేను. నాకు ఇంగ్లీషు వచ్చిందీ మీ రూల్స్‌తోనే. కాని గుర్వమ్మ ఆ వాక్యాలు చదివి, అర్థం చేసుకుని, బాగానే ఉన్నాయని చెప్పింది. భాష వచ్చినవాళ్ళు చేసేది అదే. మీ కీ ఆమెను 'నీకు రాదు, పో' అంది.

మీ పేరు నా నోటి నుంచి రాదు. ఎవరడిగినా చెప్పను.

జాహేదా

నల్గొండ,
14 సెప్టెంబర్ 1991.

జాహేదాకు,

మెమో సంగతి నీ ఉత్తరం రాకముందే తెలిసింది. అర్జీ మీద నా అభిప్రాయం అడుగుతూ ఆఫీసు పంపిన కాగితాల్లో నీ సంతకం కూడా ఉంది. నీ చేతిరాత నాకు తెలియనిది కాదు.

కీ సరైనదని నేను రాస్తే అర్జీ కొట్టేస్తారు, నీ మీద చర్య ఖాయమవుతుంది. తప్పని రాస్తే ఏమవుతుందో నీకు తెలియదు, చెప్తాను విను. నాకు ఈ ఏడు ప్రిన్సిపాల్ ప్రమోషన్ రావాలి. మా స్టాఫ్‌రూంలో ఒకాయన ఉన్నాడు. నేను ఈ కాలేజీలో చేరిన నాటి నుంచి నా ఒక్క తప్పు కోసం చూస్తున్నాడు. నా బ్లాక్‌బోర్డు మీది స్పెల్లింగులు కూడా తలుపు దగ్గర నిలబడి చదువుతాడు. ఆయనకు దొరకలేదు. దొరకనివ్వలేదు. మొన్న ఈ పేపర్ నాదని ఎట్లా తెలిసిందో, నేను లోపల ఉన్నానని తెలిసే పక్కాయనతో అన్నాడు: "రిజర్వేషన్ల వచ్చినోళ్ళు పేపర్లు సెట్ చేస్తే గిట్లనే ఉంటది." ఇంకా నేను ఏమీ ఒప్పుకోనే లేదు. ఒప్పుకుంటే ఆ మాట నా ఒక్కడి మీద ఆగదు. నా వెనక వచ్చే ప్రతి పిల్లవాడి మీద పడుతుంది.

నువ్వు ఒక గుర్వమ్మ గురించి ఆలోచిస్తున్నావు. నేను ఎంతమంది గురించి ఆలోచించాలో చూడు.

అభిప్రాయం ఇంకా రాయలేదు. కాగితం బల్ల మీదే ఉంది. ఏం రాయాలో నువ్వు చెప్పకు. చెప్తే నీ కోసం రాసినట్టవుతుంది.

ఎల్లస్వామి

నారాయణపేట,
22 సెప్టెంబర్ 1991.

సార్‌కు,

చెప్పను.

ఈ నెల ముప్పైన మహబూబ్‌నగర్‌లో విచారణ. గుర్వమ్మను, తల్లిదండ్రులను, నన్ను రమ్మన్నారు. ముందు వాళ్ళను పిలుస్తారట, తర్వాత నన్ను. యాదయ్య మగ్గం ఆపి వస్తున్నాడు. గుర్వమ్మ మాత్రం రానని ఏడుస్తున్నది. "మళ్ళ అందరి ముంగట తప్పంటరు మేడమ్" అంటున్నది. తీసుకుపోతాను.

జాహేదా

నల్గొండ,
3 అక్టోబర్ 1991.

జాహేదాకు,

ఆఫీసు వసారాలో నువ్వు నన్ను చూశావు, నేనూ చూశాను. పలకరించకుండా లోపలికి పోయాను. నీతో మాట్లాడితే అడుగు ముందుకు పడుతుందో వెనక్కి పడుతుందో నమ్మకం లేకపోయింది. లోపల ఏం జరిగిందో గుర్వమ్మ నీకు సగం సగం చెప్పి ఉంటుంది. మిగతాది రాస్తున్నాను.

నా అభిప్రాయం కవరులో పెట్టుకుని వెళ్ళాను. కీ సరైనదే అని రాసుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, అదే రాశాను.

విచారణ చేసే అధికారి మంచివాడే గాని తొందరలో ఉన్నాడు. నన్ను 'ఇంగ్లీషు నిపుణుడు' అని పరిచయం చేసి, పేపర్ ఎవరిదన్నది చెప్పలేదు. నా ముందు ఆ ప్రశ్నపత్రం పెట్టి గుర్వమ్మను పిలిచాడు. ఆ పిల్ల వచ్చి బల్లకు దూరంగా నిలబడింది. చున్నీ కొస చేతికి చుట్టుకుంటూనే ఉంది. అధికారి "ఈ రెండు వాక్యాల్లో తప్పు లేదని ఎందుకు రాసినవమ్మా?" అని అడిగాడు.

ఆమె నాయిన వైపు చూసింది. యాదయ్య వెనక నుంచి "చెప్పు బిడ్డా" అన్నాడు. అప్పుడు అంది:

"తప్పు దొర్కలే సార్. మస్తు సేపు దేవులాడిన. వేరే ప్రశ్నలన్నీ చేసి మళ్ళొచ్చి సూత దేవులాడిన. తప్పుంటే దిద్దుమన్నరు గద, ఉంటదేమో అనుకున్న. నాకు దొర్కలే."

జాహేదా, నేను ఇన్నేళ్ళు పిల్లల జవాబులు దిద్దాను. వాళ్ళు కాగితం ముందు కూర్చుని నన్ను నమ్మి వెతుకుతారని ఎన్నడూ ఆలోచించలేదు. ఆ వాక్యాలను మళ్ళీ చదివాను. ఆ పిల్ల వెతికినట్టే, రూల్ పక్కన పెట్టి, అర్థం ఎక్కడ చెడిందో చూశాను. ఎక్కడా చెడలేదు. నాకూ దొరకలేదు.

"దొరకదమ్మా. అండ్ల తప్పు లేదు" అన్నాను. ఆఫీసులో, అధికారి ముందు, నా నోటి నుంచి 'అందులో' బదులు మా ఊరి 'అండ్ల' అని వచ్చింది. అప్పుడు గమనించలేదు, బస్సులో గుర్తొచ్చింది.

అధికారి "మరి కీ?" అన్నాడు. "పేపర్ నాదే, కీ నాదే. రూల్ పుస్తకంలో ఉంది, వాక్యాల్లో తప్పు లేదు. తప్పు లేని వాక్యాల్లో తప్పుందని కీ రాశాను" అని చెప్పాను. కవరు బయటికి తీయలేదు. అక్కడే తెల్లకాగితం అడిగి, అదే మాట రాసి సంతకం పెట్టాను. అధికారి "ఆలోచించుకుని రాయండి, మీ సర్వీసు ఉంది" అని మెల్లగా అన్నాడు. అది నా మేలు కోరే అన్నాడు.

బిక్షమ్మ దండం పెట్టబోతే వద్దన్నాను. ఆమెకు నేను ఏమీ ఇవ్వలేదు, ఆమె బిడ్డ తెచ్చుకున్న మార్కులు ఆమె బిడ్డకు తిరిగి ఇచ్చాను.

నీ మెమో గురించి కూడా మాట్లాడాను. ఏం చేస్తారో తెలియదు.

ఎల్లస్వామి

నారాయణపేట,
10 నవంబర్ 1991.

సార్‌కు నమస్కారాలు.

గుర్వమ్మకు సీటు వచ్చింది. ఆ ప్రశ్నలకు ఆమెలాగే రాసిన అందరికీ మార్కులు కలిపారు. ఇద్దరు పిల్లలు పాలిటెక్నిక్‌కు పోవడంతో ఖాళీ ఉన్న జాగాల్లో ఒకటి ఈమెకు ఇచ్చారు. వచ్చిన సీటు ఎవరికీ పోలేదు. క్లాసులు మొదలై చాలా పాఠాలు అయిపోయాయట, రోజూ వేరే పిల్లల దగ్గర అడిగి రాసుకుంటున్నది. యాదయ్య బడికి వచ్చి చీర ఒకటి ఇవ్వబోయాడు. తీసుకోలేదు. మా అత్త ఆ సంగతి తెలిసి, ఆ మాత్రం తీసుకోవలసింది, నౌకరీ ఎట్లాగూ ఊగుతున్నది కదా అంది. తర్వాత తనే నవ్వింది.

నా నౌకరీ పోలేదు. హెచ్చరిక రాసి, కృష్ణ ఒడ్డున ఒక ఊరికి బదిలీ చేశారు. రోజుకు ఒకే బస్సు. అక్కడే ఒక గది కిరాయికి చూసుకున్నాను. వెళ్ళేముందు మా తొమ్మిదో తరగతి పిల్లలకు మీ రూల్స్ మొత్తం చెప్పాను. రూల్ చెప్పి, దాన్ని ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో కూడా చెప్పాను. పిల్లలకు ఆ కథే ఎక్కువ నచ్చింది.

మీరు ఏమీ రాయడం లేదు. మీ దగ్గర ఏం జరిగిందో చెప్పండి సార్. వేరేవాళ్ళ ద్వారా వినాలని లేదు.

జాహేదా

నల్గొండ,
19 జనవరి 1992.

అమ్మా జాహేదా,

ఆలస్యమైంది. చెప్పడానికి మంచి మాటలు లేక ఆగాను.

పేపర్లు సెట్ చేసేవాళ్ళ జాబితాలో నా పేరు తీసేశారు. దిద్దడానికి కూడా ఈసారి పిలవలేదు. ప్రిన్సిపాల్ ఉద్యోగం నాకన్న జూనియర్‌కు వచ్చింది. స్టాఫ్‌రూంలో ఆయన ఆ పాత మాట నా ముఖం మీదే అన్నాడు. "అన్నా, తప్పు ఒప్పుకున్నోళ్ళను నువ్వు ఈ కాలేజీల ఇంకెవర్నన్న చూసినవా?" అని అడిగాను. ఆయన పేపరు తెరిచి చదువుకున్నాడు. నాకేమీ గెలిచినట్టు అనిపించలేదు.  చాలా పోయిందమ్మా. పోలేదని నీకు రాయలేను.

మొన్న ఇంటర్ క్లాసులో పుల్లమ్మ అనే పిల్ల లేచింది. చిట్యాల దిక్కు నుంచి వస్తుంది, క్లాసులో ఎప్పుడూ మాట్లాడదు. "సార్, మరి మేము షల్ రాయాల్నా, విల్ రాయాల్నా?" అని అడిగింది. ఊళ్ళో అందరికీ నా సంగతి తెలుసు. క్లాసంతా నా నోటి వైపు చూసింది.

"దిద్దేది ఎవరో మనకు తెల్వదు కాబట్టి పరీక్షల షల్ రాయి. బయట నీకు ఏది వస్తే అది మాట్లాడు" అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను: "రేపు నువ్వే టీచరైతవు. అప్పుడు విల్ రాసిన పిల్లకు సున్న పెట్టకు."

పుల్లమ్మ కూర్చుని రాసుకుంది. అది చూసి మిగతావాళ్ళు కూడా రాసుకోవడం మొదలుపెట్టారు, అదీ ఒక రూలే అనుకున్నట్టున్నారు. రాసుకోనిచ్చాను.

నీ
ఎల్లస్వామి